ఒంటిపన్ను తాళంచెవి రోజులు

నెట్‌స్కేప్ నావిగేటర్ 3 వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. విండో అడుగున ఎడమ మూలలో చిన్న తాళంచెవి బొమ్మ ఉండేది. మామూలు పేజీ తెరిస్తే అది నడిమికి విరిగి కనిపించేది. సెక్యూర్ పేజీలోకి వెళ్తే నీలి రంగు మీద నిండు తాళంచెవి వచ్చేది, పేజీ నెత్తిన సన్నటి నీలి గీత పడేది. చాలామందికి తెలిసింది అంతవరకే: తాళంచెవి విరిగి లేకపోతే కార్డు నంబరు కొట్టొచ్చు.

ఆ బొమ్మలో ఇంకో సంగతి ఉండేది. కళ్లు తెరకు ఆనించి చూస్తే తప్ప దొరికేది కాదు. తాళంచెవికి రెండు పళ్లుంటే 128 బిట్ల ఎన్‌క్రిప్షన్, ఒకటే ఉంటే 40 బిట్లు. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారాన్ని ఒక రహస్య సంఖ్యతో ఎవరికీ అర్థం కాకుండా మార్చడం. ఆ సంఖ్యే తాళంచెవి, సున్నా ఒకట్లలో దాని పొడవే బిట్లు. రెండు పళ్లది అమెరికా, కెనడా వాళ్లకు. అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అమెరికా యూనివర్సిటీకి అప్లికేషన్ ఫీజు కట్టే కుర్రాడికి కనిపించేది ఒంటిపన్ను తాళంచెవే. నావిగేటర్ 4 వచ్చేసరికి తాళంచెవి పోయి తాళంకప్ప వచ్చింది. కప్పకు పళ్లుండవు కాబట్టి ఆ తేడా బొమ్మలోంచి మాయమైపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అయితే హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కాలి, అక్కడ చిన్న అక్షరాల్లో సైఫర్ స్ట్రెంత్ (సైఫర్, అంటే తాళం వేసే పద్ధతి, ఎంత గట్టిదో) అని, పక్కన 40 బిట్ అని ఉండేది.

ఆ 40 అనే అంకె నాకు ఇప్పటికీ మరపుకు రాదు. ఒక ప్రభుత్వం వేసిన నిబంధనను కంపెనీలు తమ సరుకులోకి ఎలా దించుకుంటాయో, నిబంధన పోయినా ఆ బలహీనత ఎన్నేళ్లు బతుకుతుందో ఈ ఒక్క అంకెను పట్టుకుంటే మొత్తం కనిపిస్తుంది.

ముందు అది ఎక్కడిది? అమెరికా చట్టం దృష్టిలో ఎన్‌క్రిప్షన్ ఒక ఆయుధం. యుద్ధట్యాంకులు, క్షిపణులు ఉన్న జాబితాలోనే అదీ ఉండేది. దేశం దాటించాలంటే లైసెన్సు కావాలి. 40 బిట్లకు కుదించిన సరుకును మాత్రం సులువుగా బయటికి పంపనిచ్చేవారు. కారణం గూఢచారి సంస్థలకు స్పష్టంగా తెలుసు: 40 బిట్లంటే తమకు అందేంత ఎత్తు.

ఆ ఎత్తు ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 40 బిట్ల తాళంచెవులు మొత్తం సుమారు 1,09,951 కోట్లు. వినడానికి పెద్ద అంకె. కానీ సెకనుకు పది లక్షల తాళంచెవులు ప్రయత్నించే యంత్రం ఒకటుంటే మొత్తం తిరగేయడానికి పదమూడు రోజులు చాలు, సగటున సగంలోనే దొరుకుతుంది. అలాంటివి వంద పెడితే గంటన్నర పని. ఒక్కో బిట్టు పెరిగినకొద్దీ పని రెట్టింపవుతుంది. 128కి వెళ్లాలంటే ఇలా 88 సార్లు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. అందుకే 128ని చూసి 40కి మూడింతలని అనుకోవడం పొరపాటు. ఆ రెంటి మధ్య దూరం మనిషి ఊహకు అందేది కాదు.

1995 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థకు చెందిన డామియన్ డోలిజే దీన్ని చేసి చూపించాడు. హాల్ ఫిన్నీ అనే ఆయన నెట్‌స్కేప్ 40 బిట్ల సంభాషణ ఒకటి పట్టి, విప్పండి చూద్దామని సవాలుగా పెట్టాడు. డోలిజే ఆఫీసులో ఖాళీగా ఉన్న సుమారు 120 వర్క్‌స్టేషన్లను, రెండు సమాంతర కంప్యూటర్లను పెట్టి ఎనిమిది రోజుల్లో విప్పాడు. ఏ గూఢచారి సంస్థా అక్కర్లేకపోయింది. 1997 జనవరిలో ఇయాన్ గోల్డ్‌బర్గ్ అనే విద్యార్థి బర్కిలీలో 250 వర్క్‌స్టేషన్లతో ఇంకో 40 బిట్ల సవాలును మూడున్నర గంటల్లో తేల్చేశాడు. 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ప్రత్యేక యంత్రం కట్టించి 56 బిట్ల డీఈఎస్‌నే 56 గంటల్లో విప్పింది. బ్యాంకులు అప్పటికి ఏళ్లుగా నమ్ముకున్న తాళం అది.

లోపల ఆ కుదింపు ఎలా చేశారో కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి కథంతా అందులోనే ఉంది. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సంభాషణకు తాళం వేసే ఎస్ఎస్ఎల్ అనే పద్ధతి రెండో రూపంలో, అంటే ఎస్ఎస్ఎల్ 2లో, ఎగుమతి రకం సైఫర్ వాడినా తాళంచెవి పొడవు 128 బిట్లే. అందులో 88 బిట్లను బహిరంగంగా, ఎవరైనా చదివేలా తీగ మీద పంపేవారు. రహస్యంగా మిగిలేవి 40. ఆ 88 బిట్లు దండగేమీ కాదు. అవి ప్రతిసారీ మారతాయి కాబట్టి ఒకసారి పెద్ద పట్టిక తయారుచేసుకుని అన్ని సంభాషణలనూ దాంతో విప్పేయడం కుదరదు, దేనికదే విడిగా వెతకాలి. రెండో షరతు: తాళంచెవిని ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఆర్ఎస్ఏ అనే పద్ధతిలో సంఖ్య 512 బిట్లు మించకూడదు. సర్వర్ సర్టిఫికెట్లో, అంటే సైటు ఎవరిదో చెప్పే గుర్తింపు పత్రంలో, 1024 బిట్ల ఆర్ఎస్ఏ ఉంటే, అవతలి బ్రౌజర్ ఎగుమతి రకమని తెలియగానే సర్వర్ అప్పటికప్పుడు 512 బిట్లది తాత్కాలికంగా తయారుచేసి, తన అసలు తాళంచెవితో దాని మీద సంతకం చేసి ఇవ్వాలి. ఈ తాత్కాలిక తాళంచెవి దగ్గరికి మళ్లీ వద్దాం.

బిట్లు ఎక్కువైతే చాలని కూడా కాదు. 1995 సెప్టెంబరులో గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ తాళంచెవి తయారీకి కావలసిన యాదృచ్ఛిక సంఖ్యలు నెట్‌స్కేప్ ఎక్కణ్ణుంచి తెస్తోందో తవ్వి చూశారు. గడియారంలో సమయం, నడుస్తున్న ప్రోగ్రాంకు యంత్రం ఇచ్చే ప్రాసెస్ నంబరు, దాన్ని మొదలుపెట్టిన పేరెంట్ ప్రాసెస్ నంబరు. అంతే. అదే యునిక్స్ యంత్రంలో అకౌంటు ఉన్నవాడికి ఆ రెండు నంబర్లూ ఒక్క ఆదేశంతో తెలిసిపోతాయి. సమయంలో సెకన్లు ప్యాకెట్లోనే దొరుకుతాయి, మైక్రోసెకన్లు పది లక్షలే. నిమిషంలోపు పని. రెండు పళ్ల తాళంచెవి ఉన్న అమెరికావాళ్లదీ ఇదే గతి. నెట్‌స్కేప్ త్వరగానే సరిచేసింది. సెక్యూరిటీ నేర్చుకునే ఎవరికైనా నేను మొదట చెప్పే ఉదాహరణ ఇది: తాళంచెవి ఎంత పొడవుందని అడిగే ముందు, అది ఎలా పుట్టిందని అడగాలి.

అప్పట్లో గట్టి బ్రౌజర్ సంపాదించడం ఒక విద్య. నెట్‌స్కేప్ సైట్లో 128 బిట్లది దించుకోబోతే నేను అమెరికా లేక కెనడా వాణ్నని ఒప్పుకునే ఫారం వచ్చేది, మన ఐపీ చిరునామా ఏ దేశానిదో వెనక నుంచి చూసుకునేది. నెదర్లాండ్స్‌లోని రిప్లే.కామ్ వంటి చోట్ల అవే ఫైళ్లు దొరికేవి. డయల్ అప్ మీద పదికి పైగా మెగాబైట్లు దించడమంటే రాత్రి జాగారమే, మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి. అందుకని ఆస్ట్రేలియాలో ఫారెల్ మెకే రాసిన ఫోర్టిఫై అనే చిన్న ప్రోగ్రాం చాలామందికి ఆదరువైంది. అది కొత్త ఎన్‌క్రిప్షన్ ఏమీ చేర్చదు. నెట్‌స్కేప్ ఫైల్లోనే ఏ సైఫర్‌కు అనుమతి ఉంది, దేనికి షరతు ఉంది అని రాసిన ఒక పట్టీ ఉండేది. ఫోర్టిఫై ఆ పట్టీని దిద్దేది. దిద్దగానే అదే బ్రౌజర్ 128 బిట్లు మాట్లాడేది.

అంటే గట్టి తాళం ముందునుంచీ మన కంప్యూటర్లోనే ఉంది. దాన్ని ఎవరికి తెరవాలో నిర్ణయించే హక్కు మాత్రం మనది కాదు. 1997 నుంచి కంపెనీలు ఇదే ఏర్పాటును అధికారికంగా అమ్ముకున్నాయి. నెట్‌స్కేప్ దాన్ని స్టెప్ అప్ అంది, మైక్రోసాఫ్ట్ ఎస్‌జీసీ అంది. వెరిసైన్ వంటి సంస్థ ప్రత్యేక సర్టిఫికెట్ అమ్మేది, మొదట్లో బ్యాంకులకు మాత్రమే. ఎగుమతి బ్రౌజర్ ముందు 40 బిట్లతో కలుస్తుంది, సర్టిఫికెట్లో ఆ ప్రత్యేక గుర్తు చూస్తుంది, చూసి మళ్లీ కొత్తగా చేతులు కలిపి 128కి ఎక్కుతుంది. బ్యాంకు డబ్బుకు రెండు పళ్లు, మామూలు మనిషి ఉత్తరానికి ఒకటి. నిబంధన 2000లో పోయాక కూడా ఎస్‌జీసీ సర్టిఫికెట్లను మామూలువాటికన్నా ఎక్కువ ధరకు ఏళ్లతరబడి అమ్మారు. అది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. జబ్బు తగ్గిపోయిందని తెలిసీ మందు అమ్మడం అది.

ఆఫీసుల్లో వాడే మెయిల్ ప్రోగ్రాం లోటస్ నోట్స్ చేసిన పని ఇంకా ఘోరం. 1996లో ఎగుమతి రకానికి కూడా 64 బిట్లు ఇస్తున్నామని ప్రకటించారు. అందులో 24 బిట్లను అమెరికా జాతీయ భద్రతా సంస్థ పబ్లిక్ తాళంచెవితో, అంటే ఆ సంస్థ మాత్రమే విప్పగలిగేలా, చుట్టి ప్రతి సందేశంతోపాటు పంపేవారు. ఊళ్లో దొంగకు 64, అమెరికా ప్రభుత్వానికి 40. కంపెనీ ఈ సంగతి దాచలేదు, కానీ కొన్నవాళ్లలో ఎంతమంది చదివారు? 1997లో స్వీడన్ పత్రికలో వచ్చేదాకా తమ పార్లమెంటు సభ్యులూ, ప్రభుత్వ ఉద్యోగులూ వాడుతున్న మెయిల్ తాళంలో మూడో వంతుకు పైగా పరాయి ప్రభుత్వం చేతిలో ఉందని అక్కడివాళ్లకు తెలియలేదు.

ఇంతకంటే బాహాటంగా వచ్చింది క్లిప్పర్ చిప్. 1993 ఏప్రిల్ 16న అమెరికా అధ్యక్ష భవనం ప్రకటించింది. ఫోన్లో పెట్టే చిప్పు, లోపల 80 బిట్ల స్కిప్‌జాక్ సైఫర్. ప్రతి చిప్పు తాళంచెవినీ రెండు ముక్కలు చేసి రెండు ప్రభుత్వ కార్యాలయాల్లో దాస్తారు, కోర్టు ఆదేశం వస్తే కలుపుతారు. ప్రతి సంభాషణ ముందూ 128 బిట్ల పొట్లం ఒకటి వెళ్తుంది. అందులో చిప్పు నంబరుకు 32 బిట్లు, చుట్టిన తాళంచెవికి 80, పొట్లం అసలుదేనా అని సరిచూసే అంకెకు 16. ఆ 16 దగ్గరే పట్టు తప్పింది. 16 బిట్లంటే 65,536 రకాలే. బెల్ ల్యాబ్స్‌లో మాట్ బ్లేజ్ 1994లో చూపించింది ఇదే: చేతికొచ్చిన చెత్త పొట్లాలు వరసగా ఇస్తూ పోతే ఏదో ఒకటి సరిచూపును దాటుతుంది, సగటున 42 నిమిషాలు పడుతుంది. దాటాక స్కిప్‌జాక్ బలం మొత్తం మనది, ప్రభుత్వం దగ్గరున్న ముక్కలు పనికిరావు. మంచివాణ్ని మాత్రమే వినగలిగే తాళం తయారైందన్నమాట. రెండు మూడేళ్లలో ఆ చిప్పు ఊసే లేకుండా పోయింది.

ఈ కాలంలో జనం పడ్డ పాట్లు తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో ఈమెయిల్‌కు తాళం వేసే పీజీపీ అనే ప్రోగ్రాం రాసి వదిలితే, అది దేశం దాటిందని మూడేళ్లు నేర విచారణ నడిపి 1996 జనవరిలో వదిలేశారు. ఫ్లాపీ దాటితే నేరం, అచ్చు పుస్తకం దాటితే వాక్ స్వాతంత్ర్యం. అందుకని పీజీపీ సోర్స్ కోడ్ మొత్తాన్ని పుస్తకాలుగా అచ్చువేశారు. యంత్రం చదవడానికి వీలైన అక్షరాలు వాడి, తప్పు పడితే ఏ వరుసలో పడిందో తెలిసేలా వరుసవరుసకూ సరిచూపు అంకెలు వేశారు. యూరప్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు వేల పేజీలు స్కాన్ చేసి, సున్నాకూ ఓ అక్షరానికీ తేడా కళ్లతో చూసుకుంటూ దిద్ది మళ్లీ ప్రోగ్రాంగా కట్టారు. ఆర్ఎస్ఏను మూడు వరుసల పెర్ల్‌లో రాసి టీషర్టుల మీద అచ్చువేసుకున్నారు. డాన్ బెర్న్‌స్టీన్ అనే విద్యార్థి వేసిన దావాలో 1996లో న్యాయమూర్తి మారిలిన్ పటేల్ సోర్స్ కోడ్ కూడా భాషణమేనన్నారు. లైనక్స్ వాడిన మనవాళ్లకు డెబియన్ అనే లైనక్స్ రకంలో నాన్ యూఎస్ అని విడిగా ఉండే భాండాగారం గుర్తుంటుంది. దూరంగా ఉన్న కంప్యూటర్లోకి తాళం వేసిన దారిలో వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కావాలంటే అందులోంచే తెచ్చుకోవాలి. ఈ రోజు సగం ఇంటర్నెట్‌ను మోస్తున్న ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ కోడ్‌కు మూలమైన ఎస్ఎస్ఎల్ఈవై కూడా ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిందే. అమెరికా నిబంధన అమెరికా కంపెనీలను కట్టేసింది, గణితాన్ని కట్టేయలేకపోయింది.

ఇక మన సంగతి. ప్రభుత్వ టెలికాం కంపెనీ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి ఇచ్చింది. 1998 నవంబరు నుంచి ప్రైవేటు ఐఎస్‌పీలకు, అంటే ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీలకు, తలుపు తీశారు. ఆ లైసెన్సు షరతుల్లో ఎన్‌క్రిప్షన్ మాట ఒకటి ఉంది: ఆర్ఎస్ఏ అల్గోరిథంలో 40 బిట్ల దాకా, లేదా వేరే అల్గోరిథంలో దానికి సమానమైనంత వరకు, ఎవరైనా అనుమతి లేకుండా వాడుకోవచ్చు. అంతకు మించితే టెలికాం అధికారి అనుమతి తీసుకోవాలి, తాళంచెవిని రెండు భాగాలు చేసి ఆయన దగ్గర జమచేయాలి. క్లిప్పర్ పేరెత్తకపోయినా ఏర్పాటు అదే.

ఆ వాక్యంలో ఆర్ఎస్ఏ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. అమెరికావాళ్ల 40 ఆర్‌సీ4 వంటి సైఫర్లకు. అక్కడ దారి ఒక్కటే, తాళంచెవులన్నీ వరసగా ప్రయత్నించడం. ఆర్ఎస్ఏ బలం వేరు, అది ఒక పెద్ద సంఖ్యను రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడంలోని కష్టం. 40 బిట్ల ఆర్ఎస్ఏ అంటే పదమూడంకెలకు మించని సంఖ్య. దాని కారకాల్లో చిన్నది 10,48,576 దాటదు. ఆ లోపు ప్రధాన సంఖ్యలు సుమారు 82 వేలు. వరసగా భాగిస్తూ పోతే ఆనాటి 486 కంప్యూటర్ కూడా కన్ను మూసి తెరిచేలోపు తేల్చేస్తుంది. 1999 ఆగస్టులో అంతర్జాతీయ బృందమొకటి 512 బిట్ల ఆర్ఎస్ఏనే విడగొట్టింది. అలాంటి రోజుల్లో మన లైసెన్సు అక్షరాలా చదివితే పౌరుడికి అనుమతించింది ఎన్‌క్రిప్షనే లేకపోవడాన్ని. దేనికి 40 అని అడగకుండా అంకెను మాత్రం ఎత్తుకొస్తే ఇలాగే అవుతుంది.

పైగా అదే దేశంలో రిజర్వు బ్యాంకు 2001 జూన్‌లో ఇంటర్నెట్ బ్యాంకింగ్ మార్గదర్శకాలు ఇస్తూ బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య కనీసం 128 బిట్ల ఎస్ఎస్ఎల్ ఉండాలంది. అంటే బ్యాంకు సైటు తెరిచిన ఖాతాదారు రిజర్వు బ్యాంకు మాట నిలబెట్టి టెలికాం శాఖ షరతు దాటినట్టు. రిజర్వు బ్యాంకు చెప్పిందే సరైనది. అదే రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన హైదరాబాదు మాసాబ్ ట్యాంక్ దగ్గరి బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ తర్వాత బ్యాంకులకు డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే పని చేపట్టింది. మన ఊళ్లో ఎన్‌క్రిప్షన్‌ను గణితం తెలిసి నడిపిన చోటు అది. టెలికాం శాఖ షరతును మాత్రం ఎవరూ పాటించలేదు, ఎవరూ పాటించమని ఒత్తిడి చేయలేదు. 2013 తర్వాత వచ్చిన యూనిఫైడ్ లైసెన్సులో ఆ 40 మాట పోయి, ఐటీ చట్టం కింది నియమాలకు లోబడాలన్న మాట వచ్చింది. కాగితం మీద బతికి ఆచరణలో చచ్చిన షరతు ప్రమాదం లేనిదని కొందరంటారు. నేను ఒప్పుకోను. అందరూ దాటుతున్న గీత ఎవరి మీదైనా, ఎప్పుడైనా వాడుకోవడానికి అధికారి చేతిలో సిద్ధంగా ఉంటుంది.

ఆ రోజుల ఇంటర్నెట్ సెంటర్లో అసలు ప్రమాదం దగ్గర్లోనే ఉండేది. పదీ పదిహేను కంప్యూటర్లను ఒక హబ్‌కు కలిపేవారు. హబ్ అంటే ఒక రంధ్రంలోంచి వచ్చిన ప్యాకెట్‌ను మిగతా అన్ని రంధ్రాలకూ పంపే పెట్టె. నెట్‌వర్క్ కార్డును అన్నీ వినే స్థితిలో పెడితే పక్క సీటువాడి మెయిల్ మొత్తం మన తెర మీదికొచ్చేది. స్విచ్చులు చవకయ్యాక ఈ బాధ కొంత తగ్గింది. ఆ హబ్ మీద 40 బిట్లు కూడా మేలే అనుకోవచ్చు, కానీ ప్యాకెట్లు పట్టి దాచుకున్నవాడికి ఏళ్ల తర్వాతైనా విప్పే వీలుంటుంది. బలహీన తాళం వేసిన ఉత్తరానికి గడువు తీరడమంటూ లేదు.

2000 జనవరి 14న అమెరికా ఎగుమతి నియమాలు సడలించింది. అందరూ పండగ చేసుకుని బ్రౌజర్లు మార్చుకున్నారు. ఎగుమతి సైఫర్లు మాత్రం కోడ్‌లో అలాగే ఉండిపోయాయి, ఏదో మూల పాత బ్రౌజర్ ఒకటి వస్తే పని ఆగకూడదని. పదిహేనేళ్లు ఉన్నాయి. 2015 మార్చిలో వాటిని కనిపెట్టింది పారిస్‌లోని అదే ఇన్రియా, కార్తికేయన్ భార్గవన్ ఉన్న బృందం. ఆ దాడికి ఫ్రీక్ అని పేరు పెట్టారు.

అది జరిగే తీరు ఇది. ఫోను బ్రౌజర్ మామూలు ఆర్ఎస్ఏ అడుగుతుంది. దారిలో కూర్చున్నవాడు ఆ అడిగినదాన్ని ఎగుమతి ఆర్ఎస్ఏగా మార్చి సర్వర్‌కు ఇస్తాడు. సర్వర్‌లో ఇంకా ఆ సైఫర్ బతికే ఉంటే 512 బిట్ల తాత్కాలిక తాళంచెవి తీసి సంతకం చేసి పంపుతుంది. బ్రౌజర్ దాన్ని అడగలేదు, కాబట్టి కాదనాలి. కోడ్‌లో లోపం వల్ల పుచ్చుకుంటుంది. ఇక 512 బిట్లను విడగొట్టడమే మిగిలింది. 2015లో అద్దె కంప్యూటర్ల మీద అది ఏడెనిమిది గంటల, సుమారు వంద డాలర్ల పని. ఎనిమిది గంటలు ఎవరు ఆగుతారు, ఈలోపు సంభాషణ తెగిపోదా అనిపించవచ్చు. ఆగక్కర్లేదు. అపాచీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం ఆ తాత్కాలిక తాళంచెవిని మొదలైనప్పుడు ఒకసారి చేసి, మళ్లీ రీస్టార్ట్ అయ్యేదాకా అదే వాడేది. ఒకసారి విడగొడితే నెలల తరబడి ఆ సైటుకు వచ్చే ప్రతి ఒక్కరినీ చదవొచ్చు. నమ్మకమైన సర్టిఫికెట్లున్న సైట్లలో సుమారు మూడో వంతు ఆ సైఫర్లను ఇంకా ఒప్పుకుంటున్నాయని తేలింది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ సొంత సైటు కూడా అందులో ఉంది.

ఇలాంటి దాడులే ఆ ఏడాది మే నెలలో లాగ్‌జామ్, 2016 మార్చిలో డ్రౌన్. డ్రౌన్ అయితే ఎస్ఎస్ఎల్ 2లోని 40 బిట్ల సైఫర్‌నే మెట్టుగా వాడుకుని, అదే తాళంచెవి పంచుకుంటున్న టీఎల్ఎస్‌ను, అంటే ఎస్ఎస్ఎల్ తర్వాత వచ్చిన కొత్త రూపాన్ని, విప్పింది. వెబ్ సర్వర్ శుభ్రంగా ఉన్నా, అదే సర్టిఫికెట్‌తో పక్కన ఒక పాత మెయిల్ సర్వర్ నడుస్తుంటే చాలు. ఓపెన్ఎస్ఎస్ఎల్ 2016 ఆగస్టులో 1.1.0 విడుదలతో ఎగుమతి సైఫర్లను పూర్తిగా తీసేసింది. 2000లో పోయిన నిబంధన కోడ్‌లోంచి పోవడానికి పదహారేళ్లు పట్టింది. ఆ నిబంధన వేసినవాళ్లలో ఎవరూ దానికి జవాబు చెప్పలేదు.

ఆ ఇంటర్నెట్ సెంటర్లు మూతపడి, స్మార్ట్‌ఫోన్లు వచ్చాక 2015 సెప్టెంబరులో మన దగ్గర జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా వచ్చింది. ఐటీ చట్టంలో 2008 సవరణతో చేర్చిన 84ఏ సెక్షన్ కింద. పౌరులు ఏ అల్గోరిథం, ఎంత పొడవు తాళంచెవి వాడాలో ప్రభుత్వం చెబుతుంది, ఎన్‌క్రిప్ట్ చేసినదాని అసలు పాఠాన్ని 90 రోజులు దాచి అడిగితే చూపాలి. గోల రేగి వాట్సాప్, ఫేస్‌బుక్ వంటివాటికి మినహాయింపన్నారు, 22వ తేదీన ముసాయిదానే వెనక్కి తీసుకున్నారు. తొంభై రోజులు అసలు పాఠం దాచమనడంలోని తప్పు చూడండి. ఫోన్లో ఎన్‌క్రిప్షన్ పెట్టుకునేదే ఫోను పోయినా ఉత్తరం పోకూడదని. కొత్త ప్రోటోకాళ్లు సందేశం సందేశానికీ తాళంచెవి మార్చి పాతది చెరిపేస్తాయి. విప్పిన పాఠం పక్కనే ఉంటే ఆ శ్రమంతా వృథా, దొంగకు తాళం విప్పే పనే ఉండదు.

2021 ఐటీ నియమాల్లో ఇంకో రూపంలో వచ్చింది. 50 లక్షలకు పైగా వాడకందార్లున్న మెసేజింగ్ సంస్థ, ఆదేశం వస్తే ఒక సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పాలి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఒక సందేశం రేపు నేరమవుతుందని ఈ రోజు ఎవరికీ తెలియదు, కాబట్టి అందరి ప్రతి సందేశానికీ వేలిముద్ర ముందే తీసి దాచాలి. ఒక్క చుక్క మార్చి పంపితే వేలిముద్ర మారుతుంది. వేరేచోట చూసి కాపీ చేసి పెట్టినవాడే మొదటివాడిగా తేలతాడు. నేరస్థుడు ఆ చుక్క మార్చుకుంటాడు, అమాయకుడు దొరుకుతాడు. వాట్సాప్ యజమాని కంపెనీ మీద నాకు ప్రేమేమీ లేదు. ఎవరు ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్న చిట్టా దాని చేతిలో ఉంది, అది వ్యాపారానికి పనికొచ్చే సరుకు. అయినా ఈ దావాలో దాని వాదన సరైనది.

పోలీసుల అవసరం నిజమైనదే. సైబర్ మోసంలో ఇంటి డబ్బు పోగొట్టుకున్నవాళ్ల బాధ చిన్నదేమీ కాదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద విప్పమని ఆదేశించే అధికారం ఉంది, కాదంటే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నిందితుడి ఫోను పట్టుకుని విప్పించడం ఒకరి మీద పడే చర్య, అనుమానం ఉన్నవాడి మీద. తాళం తయారీలోనే కన్నం పెట్టడం అందరి మీదా పడుతుంది. ఆ కన్నం ఎవరికి దొరుకుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. గ్రీస్‌లో 2004, 2005లలో వొడాఫోన్ ఎక్స్చేంజీల్లో చట్టబద్ధంగా వినడానికి పెట్టిన సదుపాయాన్ని గుర్తు తెలియనివాళ్లు నడిపి ప్రధానమంత్రితో సహా వందకు పైగా ఫోన్లు విన్నారు. 2024లో సాల్ట్ టైఫూన్ అని పిలిచే చైనా ముఠా అమెరికా టెలికాం కంపెనీల్లో దూరి, 1994 చట్టం పెట్టించిన అలాంటి ఏర్పాట్లనే చేరింది. ఆ డిసెంబరులో అమెరికా సైబర్ భద్రతా సంస్థే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడమని ప్రముఖులకు సలహా ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ఒత్తిడికి యాపిల్ అక్కడి కొత్త వాడకందార్లకు ఐక్లౌడ్ గట్టి తాళం ఇవ్వడం ఆపేసింది. ఇంటర్నెట్ సెంటర్లో మనం కూర్చున్నప్పటి పరిస్థితే మళ్లీ, దేశాన్ని బట్టి పళ్లు.

84ఏ సెక్షన్ చట్టంలో అలాగే ఉంది. రేపు దాని కింద మరో ముసాయిదా వస్తే పీఠిక వదిలేసి నిర్వచనాల దగ్గర మొదలుపెట్టండి. తాళంచెవి పొడవుకు పైహద్దు పెట్టారా, కిందిహద్దు పెట్టారా చూడండి. కిందిహద్దైతే రిజర్వు బ్యాంకు దారి, పైహద్దైతే టెలికాం లైసెన్సు దారి. అల్గోరిథం పేరు, అంకె ఒకదానికొకటి పొసుగుతున్నాయా లెక్క వేయండి. తాళంచెవి గాని, అసలు పాఠం గాని ఎవరి దగ్గర, ఎన్ని రోజులు ఉంటుందో, అక్కణ్ణుంచి లీకైతే నష్టపరిహారం ఎవరు కడతారో వెతకండి. ఏదైనా సైఫర్‌ను నిర్బంధంగా పెట్టమంటే, దాన్ని తీసేసే తేదీ కూడా అందులో రాశారా చూడండి. ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాళ్లయితే ముసాయిదా దాకా ఆగక్కర్లేదు. వెబ్ సర్వర్‌తో తృప్తిపడకుండా అదే సర్టిఫికెట్ వాడే మెయిల్ సర్వర్, హాజరు యంత్రం, సీసీ కెమెరాల రికార్డర్, పాత రౌటర్ అడ్మిన్ పేజీ అన్నీ ఒకసారి స్కాన్ చేసి, టీఎల్ఎస్ 1.2 కంటే పాతది ఏది పలికినా దాన్ని ఆపేయండి, ఆపడం కుదరని పెట్టెను విడి నెట్‌వర్క్‌లోకి మార్చండి.